హెపటైటిస్ బి ఉన్నవాళ్లకూ టీకా వస్తుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒక్క సంగతి చుట్టూనే తిరిగాయి. హెపటైటిస్ బి ఇప్పటికే ఒంట్లో ఉన్నవాళ్లకు వ్యాధిని నయం చేసే టీకా వచ్చిందట, నిజమేనా అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం. అన్నిటికన్నా ముందు తెలియాల్సిన మాట ఒకటుంది: అలాంటి చికిత్సా టీకా ఏదీ మన దేశంలో ఇంకా అనుమతి పొందలేదు. డబ్బు కడితే వేస్తామని ఎవరైనా అంటే ఆ మాట నమ్మకండి.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. పదకొండేళ్ల కిందట రక్తదానానికి వెళ్తే హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని తేలింది. అయిదేళ్లుగా వైరస్‌ను అణచే టెనోఫోవిర్ మాత్ర వేసుకుంటున్నాను, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) కనబడటం లేదు. కొత్త టీకా అంటే మా పిల్లలకు వేయించిన టీకాయేనా? వేయించుకుంటే నేను నెగెటివ్ అవుతానా? (పెరంబూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పేరు ఒకటే, పని వేరు. మీ పిల్లలకు వేసిన టీకాలో వైరస్ పైపొర ప్రోటీన్ ఒక్కటే ఉంటుంది. మీ రిపోర్టులో హెచ్‌బీఎస్‌ఏజీ అని రాసేది దాన్నే. వైరస్ ఇంకా రాని ఒంట్లోకి ఆ ప్రోటీన్ వెళ్తే దానికి ఎదురుగా యాంటీబాడీలు తయారవుతాయి. రేపు వైరస్ వచ్చినా గుమ్మంలోనే ఆగిపోతుంది.

మీ ఒంట్లో పరిస్థితి అలా లేదు. ఆ ప్రోటీన్‌ను మీ కాలేయమే రాత్రింబగళ్లు తయారుచేస్తోంది. మాత్రలు వేసుకోని రోగి రక్తంలో ఒక్కో అసలు వైరస్‌కు వెయ్యి నుంచి లక్ష దాకా ఉత్త డొల్ల కణాలు తిరుగుతుంటాయి. లోపల వైరస్ ఉండదు, పైన ఈ ప్రోటీన్ మాత్రం ఉంటుంది. టీకా వల్ల కాసిన్ని యాంటీబాడీలు పుట్టినా అవన్నీ ఈ డొల్లలకు అతుక్కుని ఖర్చయిపోతాయి. పైగా వైరస్ పట్టిన కాలేయ కణాన్ని గుర్తుపట్టి తుదముట్టించడం యాంటీబాడీల పని కాదు, టీ కణాలనే రక్షక తెల్లకణాల పని. ఏళ్ల తరబడి అదే ప్రోటీన్‌ను చూసిచూసి ఆ టీ కణాలు అలసిపోయి పనిమానేస్తాయి. పుట్టినప్పుడే తల్లి నుంచి సోకినవాళ్లలో ఇది మరీ ఎక్కువ.

చికిత్సా టీకా ఈ టీ కణాలను మళ్లీ లేపడానికి చేస్తున్న ప్రయత్నం. అందుకే అందులో పైపొర ప్రోటీన్‌తో పాటు వైరస్ లోపలి కోర్ ప్రోటీన్‌ను, కొన్నిటిలో వైరస్ తన జన్యుపదార్థాన్ని నకలు తీసుకునే పాలిమరేజ్ ముక్కలను కూడా పెడతారు.

ఇక నెగెటివ్ సంగతి. ఈ రంగంలో ఇప్పుడు అందరూ గురిపెట్టింది 'ఫంక్షనల్ క్యూర్' మీద. అంటే అన్ని మందులూ ఆపేసి ఆరు నెలలు గడిచాక కూడా హెచ్‌బీఎస్‌ఏజీ నెగెటివ్‌గా, వైరల్ లోడ్ కనబడకుండా ఉండాలి. వైరస్ పూర్తిగా ఒంట్లోంచి పోవడం కాదిది. కాలేయ కణాల కేంద్రకంలో సీసీసీ డీఎన్‌ఏ అనే వైరస్ మూలప్రతి దాగి ఉంటుంది. దాన్ని అక్కణ్నుంచి పెరికేసే మందు ఇంతవరకు చికిత్సలోకి రాలేదు. అయినా ఫంక్షనల్ క్యూర్ చిన్న విషయమేమీ కాదు. ఆ స్థితికి చేరినవాళ్లలో కాలేయ క్యాన్సర్ ముప్పు బాగా తగ్గుతుంది, రోజూ మాత్ర మింగే అవసరం ఉండదు. మాత్రలతో అది వచ్చేది ఏడాదికి నూటికి ఒక్కరికి, చాలామందిలో అంతకన్నా తక్కువ. అందుకే టీకా మీద ఇంత ఆశ.

ప్రశ్న: కొత్త టీకా వచ్చేదాకా మామూలు హెపటైటిస్ బి టీకానే మూడు డోసులు వేయించుకుంటే కొంతైనా ఉపయోగం ఉంటుందా? (కొరుక్కుపేట)

జవాబు: మీకు హాని లేదు, ఉపయోగమూ లేదు. ఆ డోసులు మీ ఇంట్లోవాళ్లకు వేయించండి. ముందుగా భార్యకు, పిల్లలకు, తోబుట్టువులకు, అమ్మకు హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయించండి. దానితో పాటే కోర్ యాంటీబాడీ, సర్ఫేస్ (పైపొర) యాంటీబాడీ పరీక్షలు కూడా చేస్తే ఒకప్పుడు సోకి తగ్గిందా అన్నది తెలుస్తుంది. ఏదీ లేకపోతే పెద్దవాళ్లకు 20 మైక్రోగ్రాముల డోసు ఇవాళ, నెలకు, ఆరు నెలలకు. చేతి కండకే వేయాలి, పిరుదుకు వేస్తే రక్షణ సరిగా రాదు. మూడో డోసు అయిన నెల రెండు నెలల్లో సర్ఫేస్ యాంటీబాడీ చూపించుకుంటే 10 యూనిట్లు దాటి ఉండాలి. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ ద్వారా వరప్రసాదరెడ్డి గారు షాన్‌వాక్-బి తెచ్చాక ఈ టీకా ధర సామాన్యుడికి అందే స్థాయికి దిగింది. ఖరీదని వాయిదా వేసే రోజులు పోయాయి. కంచం, గ్లాసు విడిగా పెట్టనక్కర్లేదు. రేజరు, గోళ్లు కత్తిరించుకునేది, టూత్ బ్రష్ మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి.

ప్రశ్న: నేను ఈ పరిశోధనల వార్తలు క్రమం తప్పకుండా చదువుతాను. ఒకసారి 'అద్భుతం' అంటారు, రెండేళ్లకు ఆ పేరే వినబడదు. అసలు ఏవేం పరీక్షించారు, ఎందుకు తేలిపోయాయి? (షోలింగనల్లూరు)

జవాబు: మీ అనుమానానికి కారణం ఉంది. నిజంగా జరిగినవే కొన్ని చెబుతాం.

చైనాలో పైపొర ప్రోటీన్‌ను దాని యాంటీబాడీతో జతకట్టి, పటిక జాతి పదార్థంతో కలిపి టీకాగా ఇచ్చారు. రెండో దశ పరీక్షల్లో ఆశ పుట్టించింది. మూడో దశలో 450 మందికి, ఇంకా ఎక్కువ డోసులు ఇచ్చి చూస్తే ఉత్త పటిక సూది వేసినవాళ్లకన్నా మెరుగ్గా ఏమీ రాలేదు. డోసులు పెంచడమే టీ కణాలను మరింత అలసటకు గురిచేసి ఉండొచ్చని ఆ తర్వాత చాలామంది భావించారు. ఎక్కువ వేస్తే ఎక్కువ గుణం అన్న లెక్క ఈ జబ్బులో పనిచేయదు.

జీఎస్-4774 అని ఇంకోటి. వేడిచేసి చంపిన ఈస్ట్ కణాల్లో వైరస్ ప్రోటీన్లు నింపి సూదిగా ఇచ్చారు. మాత్రలు వేసుకుంటూ వైరస్ అదుపులో ఉన్న 178 మంది మీద చేసిన పరీక్ష ఫలితం 2016లో వచ్చింది. కొందరిలో టీ కణాలు కదిలాయి గానీ, హెచ్‌బీఎస్‌ఏజీ మాత్రం చెప్పుకోదగ్గంతగా దిగలేదు.

నాస్‌వాక్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. క్యూబాలో తయారైంది, మూడో దశ పరీక్ష బంగ్లాదేశ్‌లో 160 మందితో జరిగింది. పైపొర, కోర్ ప్రోటీన్లు రెండూ ఉంటాయి. ముక్కులో స్ప్రేగా, తర్వాత చర్మం కింద సూదిగా ఇస్తారు. పోల్చిచూసింది వారానికో సూది చొప్పున 48 వారాలు ఇచ్చే పెగ్ ఇంటర్‌ఫెరాన్‌తో. వైద్యం ముగిశాక వైరల్ లోడ్ అదుపులో ఉండటంలో నాస్‌వాక్ ముందుంది, దుష్ఫలితాలూ తక్కువ. క్యూబాలో దానికి అనుమతి ఉంది. కానీ ఆ పరీక్ష ప్రధానంగా కొలిచింది వైరల్ లోడ్‌ను. వైరల్ లోడ్‌ను అణచడం రోజుకో మాత్రతో మనం ఇప్పటికే చేస్తున్న పని. మనకు కావాల్సింది హెచ్‌బీఎస్‌ఏజీ పోవడం. ఏ వార్త చదివినా ఈ రెండింటిలో ఏది తగ్గిందో చూడండి. 'వైరస్ 90 శాతం తగ్గింది' అనే శీర్షికల్లో సగం అక్కడే తేలిపోతాయి.

ఇప్పటి దారి ఒక్క టీకాతో పని జరగదని ఒప్పుకున్న దారి. ముందు హెచ్‌బీఎస్‌ఏజీ తయారీని తగ్గించే సూదులు, అంటే వైరస్ పంపే ఆదేశాలను మధ్యలోనే కోసేసే ఆర్‌ఎన్‌ఏ మందులు ఇస్తారు. ప్రోటీన్ వరద కాస్త తీశాక టీకా. కొన్ని పరీక్షల్లో క్యాన్సర్‌కు వాడే నివోలుమాబ్‌ను చాలా తక్కువ మోతాదులో కలిపారు, టీ కణాల మీద పడిన బ్రేకు వదిలించడానికి. బ్రిటన్‌లో మొదలైన వీటీపీ-300 ఈ తరహాదే. మ్యూనిక్ కేంద్రంగా యూరప్‌లో నడుస్తున్న థెర్‌వాక్-బిలో ముందు ప్రోటీన్లు ఇచ్చి, తర్వాత బలహీనపరిచిన ఎంవీఏ (మశూచి టీకా జాతి) వైరస్‌తో బూస్టర్ ఇస్తారు.

బెపిరోవిర్సెన్ పేరును కూడా వీడియోల్లో టీకాగా చెప్పేస్తున్నారు. అది టీకా కాదు, పైన చెప్పిన ఆదేశాలు కోసే జాతి మందు. 457 మంది మీద జరిగిన రెండో దశ పరీక్ష ఫలితం 2022లో వచ్చింది. వారానికి 300 మిల్లీగ్రాముల సూది 24 వారాలు తీసుకున్నవాళ్లలో, సూదులు ఆపి మరో 24 వారాలు గడిచాక కూడా హెచ్‌బీఎస్‌ఏజీ పోయి ఉన్నది నూటికి 9, 10 మందికి. చేరేనాటికే హెచ్‌బీఎస్‌ఏజీ తక్కువగా ఉన్నవాళ్లలో ఫలితం మెరుగ్గా ఉంది. మాత్రలతో వచ్చే 'ఏడాదికి ఒక్కరు' పక్కన ఇది పెద్ద అడుగు. మిగతా తొంభై మంది మాటేమిటి అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఆ తొంభైలో ఎందరిని టీకా లాక్కురాగలదో చూడటమే ఇప్పుడు అసలు పరిశోధన.

ప్రశ్న: ఈ టీకాల్లో ఒకటి కొవిషీల్డ్ లాంటిదట. రక్తం గడ్డకడుతుందన్న వార్తలు చూశాక భయంగా ఉంది. (అంబత్తూరు)

జవాబు: వీటీపీ-300లో మొదటి డోసు వాహనం నిజంగానే కొవిషీల్డ్‌లో వాడిన చింపాంజీ అడినోవైరస్. మన ఒంట్లో పెరగకుండా దాన్ని మార్చారు. లోపల మోసుకొచ్చేది మాత్రం కరోనాది కాదు, హెపటైటిస్ బి ప్రోటీన్ల సమాచారం. ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం గడ్డకట్టే స్థితి కొవిషీల్డ్‌తో చాలా అరుదుగా కనబడిన మాట వాస్తవం. కాబట్టి అడగడంలో తప్పు లేదు. గతంలో అలాంటిది జరిగినా, ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నా ట్రయల్ డాక్టరుకు ముందే చెప్పండి. ఏ కొవిడ్ టీకా ఎప్పుడు వేయించుకున్నారో కూడా చెప్పండి. ఆ వాహనానికి ఎదురుగా మీ ఒంట్లో ఇప్పటికే యాంటీబాడీలు ఉంటే కొత్త డోసు బలం తగ్గవచ్చు.

ఈ టీకాలతో మేము ఎక్కువగా పట్టించుకునేది మరొకటి. టీ కణాలు నిజంగా మేల్కొంటే వైరస్ ఉన్న కాలేయ కణాలను చంపుతాయి, కాలేయానికి తగిలిన దెబ్బను రక్తపరీక్షలో చూపే ఎస్‌జీపీటీ లేస్తుంది. కొంచెం లేవడం మంచి సూచన కావచ్చు. కాలేయం ఇప్పటికే గట్టిపడి ఉంటే మాత్రం ఆ దెబ్బకు తట్టుకోలేదు. సిరోసిస్ ఉన్నవాళ్లను చాలా ట్రయల్స్‌లో చేర్చుకోకపోవడానికి కారణం ఇదే.

ప్రశ్న: సూళ్లూరుపేట నుంచి మద్రాసు వచ్చి చూపించుకుంటాను. ట్రయల్‌లో చేరాలంటే మాత్రలు మానేసి వైరస్ పెరగనివ్వాలని ఒకాయన చెప్పారు. రెండు వారాలుగా మానేశాను. మంచిదేనా?

జవాబు: దయచేసి ఇవాళే మీ డాక్టరుకు ఫోన్ చేయండి. మాత్రలు మానేయమన్న ఆ మనిషి చెప్పింది పూర్తిగా తప్పు. ఎక్కువ చికిత్సా టీకా పరీక్షలు చేర్చుకునేది మాత్రలు నెలల తరబడి, చాలాచోట్ల ఏడాదికి తక్కువ కాకుండా క్రమంగా వాడి, వైరల్ లోడ్ అణగి ఉన్నవాళ్లనే. మానేస్తే మీ అర్హత పోతుంది.

అర్హత సంగతి పక్కనపెడితే, అసలు ప్రమాదం వేరే ఉంది. టెనోఫోవిర్, ఎంటెకావిర్ వైరస్ నకళ్లు తీయకుండా ఆపుతాయే గానీ మూలప్రతిని ముట్టుకోవు. మానేసిన కొన్ని వారాల్లో వైరస్ మళ్లీ లేస్తుంది. ఆ తర్వాత కొన్ని వారాలకో నెలలకో ఎస్‌జీపీటీ వందల్లోకి, కొందరిలో వేలల్లోకి పోతుంది. మొదట ఏమీ తెలియదు. నీరసం, వాంతులు, కళ్లు పచ్చబడటం కనబడేసరికి కాలేయం బాగా దెబ్బతిని ఉండొచ్చు. సిరోసిస్ ఉన్నవాళ్లలో ఇది ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. మీ డాక్టరు మళ్లీ మొదలుపెట్టమంటే మొదలుపెట్టి, ఎస్‌జీపీటీ, బిలిరుబిన్, పీటీ-ఐఎన్‌ఆర్, వైరల్ లోడ్ చూపించుకోండి. తర్వాత ఎన్నాళ్లకోసారి చూడాలో ఆయన చెబుతారు.

ఒకరోజు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాడు మాత్ర వేళ దగ్గరపడితే దాన్ని వదిలేయండి, రెండు కలిపి వద్దు. ఎంటెకావిర్ అయితే ఖాళీ కడుపున, తిన్నాక రెండు గంటలు ఆగి, మళ్లీ తినడానికి రెండు గంటల ముందు. 25 మిల్లీగ్రాముల టెనోఫోవిర్ అలాఫెనమైడ్ అయితే భోజనంతో. పాత 300 మిల్లీగ్రాముల టెనోఫోవిర్ వాడేవాళ్లు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకుంటూ ఉండాలి. సంక్రాంతికో పెళ్లికో ఊరికి వెళ్లేటప్పుడు పదిహేను రోజుల మాత్రలు అదనంగా పెట్టుకోండి. మాత్రలు అందక మధ్యలో తెగిపోవడమే చాలాసార్లు జరిగే పొరపాటు. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. సెంట్రల్ స్టేషన్ ఎదుట రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో గానీ, పాత జైలు రోడ్డులో స్టాన్లీలో గానీ, మీ జిల్లా ఆసుపత్రిలో గానీ ఈ కార్యక్రమం పేరు చెప్పి అడగండి. మీ ఊరి దగ్గరే దొరికితే నెలనెలా రైలెక్కే పనుండదు.

ప్రశ్న: నాకు డాక్టరు మాత్ర మొదలుపెట్టమన్నారు. మొదలుపెడితే జీవితాంతం కదా, టీకా వస్తుందని ఆగాను. (పూంటమల్లి)

జవాబు: ఆగవద్దు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చికిత్స మొదలుపెట్టే గీతను కిందికి దించింది. వైరల్ లోడ్ 2,000 యూనిట్లు దాటి, ఎస్‌జీపీటీ మగవాళ్లలో 30, ఆడవాళ్లలో 19 దాటితే మాత్ర. కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌లో 7 దాటితే వైరల్ లోడ్ ఎంతున్నా మాత్రే. దగ్గరి బంధువుల్లో కాలేయ క్యాన్సర్ గానీ సిరోసిస్ గానీ ఉన్నా అంతే. ల్యాబు కాగితం మీద '40 దాకా నార్మల్' అని ఉండటం చూసి ధీమాగా ఉండకండి. టీకా వచ్చినా మొదట అందేది కాలేయం బాగున్నవాళ్లకే. దాన్ని బాగుంచేది ఈ మాత్రే. ఒకవేళ డాక్టరు ఇప్పుడే మాత్ర అక్కర్లేదంటే ఆరు నెలలకోసారి పరీక్షలు మానవద్దు. సిరోసిస్ ఉన్నవాళ్లకు, కుటుంబంలో కాలేయ క్యాన్సర్ ఉన్నవాళ్లకు, 40 దాటిన మగవాళ్లకు, 50 దాటిన ఆడవాళ్లకు ఆరు నెలలకోసారి కడుపు స్కాన్ కూడా ఉండాలి. వైరల్ లోడ్ సున్నా అయినంత మాత్రాన ఈ స్కాన్ ఆపకూడదు.

ప్రశ్న: నా రిపోర్టులో హెచ్‌బీఎస్‌ఏజీ 4,860 అని ఉంది. మా తమ్ముడిది 3.3. వాడికి నయమైపోతున్నట్టేనా? (వ్యాసర్పాడి)

జవాబు: ఆ రెండు అంకెల పక్కన యూనిట్లు చూడండి. మీ దాని పక్కన 'ఎస్/సీఓ' అని ఉంటే అది యంత్రం ఇచ్చిన సూచిక మాత్రమే. ఒకటి దాటితే పాజిటివ్ అనడానికి పనికొస్తుంది, వైరస్ ఎంతుందో చెప్పదు. తమ్ముడిది 'లాగ్' లో రాసిన వైరల్ లోడ్ అయితే 3.3 అంటే 2,000 యూనిట్లు. అది చిన్న అంకె కాదు. లాగ్‌లో ఒకటి పెరిగితే పదింతలు: 4.3 అంటే 20,000.

టీకా ట్రయల్స్ అడిగేది 'క్వాంటిటేటివ్ హెచ్‌బీఎస్‌ఏజీ' అనే మరో పరీక్షను. అది మిల్లీలీటరుకు ఇన్ని అంతర్జాతీయ యూనిట్లు అని వస్తుంది. వెయ్యికి లోపు ఉన్నవాళ్లు, మరీ ముఖ్యంగా వందకు లోపు ఉన్నవాళ్లు కొత్త చికిత్సల్లో ముందు వరసలో ఉన్నారు. ఏడాదికోసారి ఒకే ల్యాబులో చేయించుకుని కాగితాలన్నీ వరసగా ఒక ఫైలులో పెట్టుకోండి. రేపు ఎవరైనా మిమ్మల్ని ట్రయల్‌కు పరిశీలించాలన్నా మొదట అడిగేది ఆ ఫైలే.

ప్రశ్న: మా నాన్నగారిని ఒక ట్రయల్‌లో చేరమని అడిగారు. కాగితాలు ఇంగ్లీషులో, తమిళంలో ఉన్నాయి. ఆయనకు తెలుగు తప్ప చదవడం రాదు. సంతకం పెట్టించవచ్చా? (టి.నగర్)

జవాబు: పెట్టించకండి. తెలుగు ప్రతి ఇమ్మని అడగండి, అది ఆయన హక్కు. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం పాల్గొనే మనిషికి అర్థమయ్యే భాషలో వివరాల పత్రం, అంగీకార పత్రం ఉండాలి. చదవలేనివాళ్లకు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి సమక్షంలో చదివి వినిపించాలి. సంతకం అయ్యాక ఒక ప్రతి మీ చేతికి రావాలి. మద్రాసులో తెలుగువాళ్లు తమిళం మాట్లాడతారు కదా అని ఈ సంగతి చూసీచూడనట్టు వదిలేస్తుంటారు. మాట్లాడటం వేరు, పది పేజీల వైద్య పత్రం చదివి అర్థం చేసుకోవడం వేరు.

కూర్చున్నప్పుడు ఇవి అడగండి. సీటీఆర్‌ఐలో (దేశంలో జరిగే ట్రయల్స్‌ను నమోదుచేసే ప్రభుత్వ జాబితాలో) నమోదు సంఖ్య ఎంత? ఆ సంఖ్యతో ప్రభుత్వ వెబ్‌సైటులో మీరే వెతికి, ఏ దశ, ఎంతమంది, ఎక్కడెక్కడ అన్నది చూసుకోవచ్చు. ఉత్తుత్తి సూది పడే గుంపు ఉందా, ఉంటే ఎంతమందిలో ఒకరికి? మధ్యలో టెనోఫోవిర్ ఆపే ఘట్టం ఉందా? ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఆపితే ఎన్ని వారాలకోసారి రక్తం చూస్తారు, ఎస్‌జీపీటీ ఎంతకు పోతే మాత్ర మళ్లీ మొదలుపెడతారు, ఆదివారం రాత్రి కళ్లు పచ్చబడితే ఏ నంబరుకు ఫోన్ చేయాలి? ఈ మూడింటికీ అంకెలతో జవాబు రాకపోతే ఇంటికి వచ్చేయండి. ట్రయల్ మందుకు డబ్బు తీసుకోకూడదు. దానివల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం నియమాల్లోనే ఉన్నాయి. ఏ రోజైనా, కారణం చెప్పకుండానే బయటికి రావచ్చు, మామూలు వైద్యం ఆగదు.

సిరోసిస్, హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి లేదా డి, రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు ఉంటే సాధారణంగా తీసుకోరు. చేర్చుకోవాలని అవి దాచిపెట్టడం నాన్నగారికే ప్రమాదం.

ప్రశ్న: కీళానెల్లితో హెపటైటిస్ బి పోతుందని మద్రాసులోనే పరిశోధన జరిగిందట. మరి టీకా కోసం ఎదురుచూడటం ఎందుకు? (పాత వాషర్మన్‌పేట)

జవాబు: జరిగింది నిజమే, గొప్పవాళ్లే చేశారు. కీళానెల్లి అంటే మన నేల ఉసిరి. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.పి.త్యాగరాజన్ బృందం చేసిన ఆ పరీక్ష 1988లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. హెపటైటిస్ బి వైరస్‌ను గుర్తించినందుకు 1976లో నోబెల్ అందుకున్న బారూక్ బ్లంబర్గ్ కూడా అందులో సహరచయిత. 200 మిల్లీగ్రాముల పొడి రోజుకు మూడుసార్లు, నెల రోజులు ఇచ్చారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి హెచ్‌బీఎస్‌ఏజీ పోయింది, ఉత్తుత్తి గుళిక తీసుకున్న 23 మందిలో ఒక్కరికే. అంటే నూటికి 59. ఇవాళ్టి ఏ కొత్త మందూ దాని దరిదాపుల్లో లేదు.

తర్వాత థాయిలాండ్‌లోనూ మరికొన్ని చోట్లా అదే మొక్క జాతితో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం తిరిగి రాలేదు. మొక్క రకం, కోసిన కాలం, నేల తేడా అని కారణాలు చెప్పారు. కావచ్చు. కానీ ఆ మొదటి పరీక్షలో చివరి లెక్కలోకి వచ్చింది 60 మందే, చాలామందికి పరీక్ష చేసింది మందు ఆపిన 15 నుంచి 20 రోజులకు. టీకా వార్తల్లోనూ సరిగ్గా ఇవే రెండు చూడమంటున్నాం: ఎంతమంది, ఎన్నాళ్లకు? నేల ఉసిరిని చిన్నచూపు చూడటం లేదు. ఒకచోట వచ్చిన ఫలితం ఇంకోచోట కూడా వస్తేనే మందు.

మరి పసరుతో కామెర్లు తగ్గిన మనిషి ప్రతి వీధిలోనూ కనబడతాడే అంటారా? నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పెద్దయ్యాక కొత్తగా హెపటైటిస్ బి సోకినా నూటికి 95 మందిలో ఒళ్లే దాన్ని తరిమేస్తుంది. ఆ ఘనత పసరు ఖాతాలో పడుతుంది. పసికందుగా సోకితే నూటికి 90 మందిలో అది జీవితాంతం నిలిచిపోతుంది. మీది ఆ రకమే కావచ్చు. మాత్ర మానకుండా నేల ఉసిరి వేసుకోవాలనుకుంటే మీ డాక్టరుకు చెప్పి వేసుకోండి. పేరు తెలియని మిశ్రమాలు మాత్రం ముట్టుకోవద్దు, కొన్నిటిలో కాలేయాన్నే దెబ్బతీసే లోహాలు ఉంటాయి.

ప్రశ్న: గల్ఫ్ మెడికల్‌కు ముందు టీకా వేయించుకుంటే నెగెటివ్ వస్తుందా? (గుమ్మిడిపూండి)

జవాబు: రాదు. పైగా మామూలు టీకాలో ఉన్నదే ఆ ప్రోటీన్ కాబట్టి, వైరస్ లేని మనిషికి కూడా టీకా వేసిన రెండు మూడు వారాల్లోపు పరీక్ష చేస్తే పాజిటివ్ చూపించవచ్చు. మెడికల్ ఉన్నవాళ్లు దానికి ముందు నెలలో టీకా పెట్టుకోకండి.

ప్రశ్న: నాకు ఏడో నెల. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్. కాన్పుకు ఒంగోలు పుట్టింటికి వెళ్తున్నాను. బిడ్డకు రాకుండా కొత్త టీకా నాకు వేస్తారా అండీ? (తాంబరం)

జవాబు: లేదమ్మా, గర్భిణులను ఆ ట్రయల్స్‌లోకి తీసుకోరు. మీ బిడ్డను కాపాడేవి ఇప్పటికే ఉన్నాయి, వేళకు అందితే చాలా బాగా పనిచేస్తాయి. అన్నీ వేళ మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి ఈ వారమే మొదలుపెట్టండి.

వైరల్ లోడ్, హెచ్‌బీఈఏజీ (వైరస్ జోరుగా పెరుగుతోందని చెప్పే మరో ప్రోటీన్) పరీక్షలు వెంటనే చేయించండి. వైరల్ లోడ్ 2 లక్షల యూనిట్లు దాటినా, హెచ్‌బీఈఏజీ పాజిటివ్ అయినా టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు మొదలుపెడతారు. నాలుగో నెల నుంచే ఇవ్వొచ్చు. ఏడో నెలలో ఉన్నారు కాబట్టి ఇక ఆలస్యం వద్దు. కాన్పయ్యాక ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, మీరు ఆపకండి.

బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా మొదటి డోసు అర మిల్లీలీటరు ఒక తొడకు, 12 గంటల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల సూది) అర మిల్లీలీటరు రెండో తొడకు. టీకా ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఉంటుంది. ఇబ్బంది వచ్చేది ఇమ్యునోగ్లోబులిన్‌తోనే. అర్ధరాత్రి కాన్పయితే మందుల షాపులో దొరకదు, తెల్లారాక తెప్పిస్తే వేళ దాటుతుంది. ఒంగోలులో కాన్పు ఎక్కడో ఇప్పుడే ఫోన్ చేసి, ఎనిమిదో నెలలోనే తెప్పించి ఆ ఆసుపత్రి ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టించండి. గడ్డకడితే పాడవుతుంది, కాబట్టి ఇంటి నుంచి ఐసు మధ్యన పెట్టి తీసుకెళ్లొద్దు. బరువు తక్కువ పుట్టినా మొదటి డోసు ఆపకూడదు. మీ రిపోర్టు నకలు రెండు తీసి, ఒకటి అమ్మగారి దగ్గర ఉంచండి. నొప్పులు వచ్చినప్పుడు చెప్పే స్థితిలో మీరు ఉండకపోవచ్చు.

తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ టీకాలో హెపటైటిస్ బి టీకా కలిసే ఉంటుంది. ఈ వైరస్ కారణంగా సిజేరియన్ అక్కర్లేదు. చనుబాలు నిక్షేపంగా ఇవ్వొచ్చు. బిడ్డకు 9 నుంచి 12 నెలల మధ్య హెచ్‌బీఎస్‌ఏజీ, సర్ఫేస్ యాంటీబాడీ రెండూ చూపించండి. అంతకు ముందు చేయిస్తే పుట్టినప్పుడు వేసిన ఇమ్యునోగ్లోబులిన్ ఇంకా రక్తంలో ఉండి, టీకా పట్టకపోయినా పట్టినట్టే చూపిస్తుంది.